అటక్క

ఆవిడ కుట్టుమిషన్ ముందు కూర్చుంటే కళ్లు సూది మీదే ఉంటాయి, చెవులు మాత్రం ఖాళీ. అందుకే ఫోన్‌ని దారపు ఉండల డబ్బాకి ఆనించి రాజకీయ వార్తలు పెట్టుకుంటుంది. తెర చూడదు. ఎర్ర అక్షరాలు, మెరుపులు, మంటలు ఏవీ ఆవిడకి కనపడవు, మాట ఒక్కటే వినపడుతుంది. వట్టి మాటగా వింటే ఈ వార్తల వీరుల్లో సగంమంది డొల్లతనం ఇట్టే తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం.

ఆవిడ పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. చూసినదాన్ని "చూశాను" అంటాడా, విన్నదానికి "అట" తగిలిస్తాడా? పక్కింటి పిల్ల పెళ్లి గురించి చెప్పేటప్పుడు కూడా "కుదిరిందట" అంటామే, మరి దేశం గురించి చెప్పేటప్పుడు ఆ "అట" ఏ గంగలో కలుస్తుంది? ఈ ప్రశ్న వేసీ వేసీ ఆవిడకి వీధిలో అటక్క అనే పేరు స్థిరపడిపోయింది. సొంత అన్నయ్యైతే, "మా చెల్లెలు అటక్క కాదు, అటక. పనికిరాని అనుమానాలన్నీ అక్కడే పడేసుంటాయి" అని నలుగురిలో నవ్వేవాడు. కొట్టు ఆయనది. లోపల బొత్తాలూ లైనింగు గుడ్డలూ అమ్ముతాడు. ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ మిషన్.

అన్నయ్య వినేది లక్షలమంది చూసే ఒకాయన్ని. ఆయన అరుపులు వినలేక ఆవిడ ఉరుములాయన అని పేరు పెట్టింది. ఒక ఉదయం ఆయన ఉరిమాడు: "ఈ వీధి కొట్లన్నీ కూల్చెయ్యమని కౌన్సిలర్ సంతకం పెట్టేసింది!" వీధి వీధంతా భగ్గుమంది. సాయంత్రం కౌన్సిలర్ ఇల్లు ముట్టడించాలని కొట్లవాళ్లంతా తీర్మానించారు.

"నీ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లందరికీ ఈ వీడియో పంపు" అన్నాడు అన్నయ్య.

"కాగితం చూపించాడా?"

"మొదలెట్టావా! కొట్టు పోతుంటే నీకు వ్యాకరణం కావాలా?"

"కొట్టు పోతుందనే అడుగుతున్నా. ఎవరు కూలుస్తున్నారో తెలియకుండా ఎవరి మీదకి పోతాం? పంపను."

"పంపకపోతే నీ మిషన్ నా గదిలో ఉండదు."

ఆ మాట కలుక్కుమంది. ఆ కిటికీ వెలుతుర్లోనే ఆవిడ పని నేర్చుకుంది, అక్కడే జుట్టు నెరిసింది. మిషన్‌ని ఒక్కతే ఈడ్చుకెళ్లి మెట్ల పక్కన పెట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని కుట్టడం మొదలుపెట్టింది.

ఆవిడ వినేది ఆ ఊరి వార్తలు చెప్పే ఒక బొంగురుగొంతు పిల్లని. పట్టుమని పదిమందికి తెలియదు. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల, "మన వీధి కూల్చివేతలో లేదు. మున్సిపాలిటీ నక్షా నేను చూశాను" అంది. చూశాను అంది కదా! అటక్క ఫోన్ పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి ఆ మాట వినిపించింది. కొందరు ఆగారు. మిగతావాళ్లు ముట్టడికి వెళ్లారు. కౌన్సిలర్ ఇంటి కిటికీ అద్దాలు పగిలాయి.

మర్నాడు ఆ పిల్ల మొదలుపెడుతూనే, "నిన్న నేను చెప్పింది తప్పు. నేను చూసింది పాత నక్షా. కొత్తదాంట్లో మన వీధి ఉంది. కౌన్సిలర్ మాత్రం కూల్చొద్దని రాసి సంతకం పెట్టింది. కాగితం ఇదిగో" అంది. అటక్క మిషన్ ఆపి, మొదటిసారి తెర వైపు చూసింది.

అన్నయ్య గుమ్మంలోంచి చప్పట్లు కొట్టాడు. "నీ సత్యవంతురాలు చెప్పింది తప్పట!"

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. అయినా తల దించలేదు. "ఆ తప్పు నువ్వు కనిపెట్టావా? తనే చెప్పింది. మీ ఉరుములాయన ఒక్కసారైనా ఆ మాట అన్నాడా? తప్పే చెప్పనివాళ్లు నాకింతవరకు దొరకలేదు అన్నయ్యా. చెప్పాక దాక్కోనివాళ్లని వెతుక్కుంటున్నా."

అని ఊరుకోలేదు. ముందురోజు తిరిగిన ప్రతి కొట్టుకీ మళ్లీ వెళ్లి, "నిన్న నేను వినిపించింది తప్పు" అని చెప్పింది. కొందరు ఎగతాళి చేశారు. చేస్తే చేశారు.

మధ్యాహ్నం కౌన్సిలరే వీధికొచ్చింది. కూల్చివేత వద్దంటూ కొట్లవాళ్ల సంతకాలు తీసుకోవడానికి. అన్నయ్య ముందుకి కాగితం జరిపిన ఆమె చేతికి కట్టుంది. గాజుపెంకు గుచ్చుకుందని చెప్పిందే తప్ప, రాయి ఎవరు వేశారని అడగలేదు. అన్నయ్య సంతకం పెట్టాడు.

ఆమె వెళ్లాక మెట్లు దిగి వచ్చి మిషన్ ఒకవైపు పట్టుకున్నాడు. "లోపలికి రా. ఎండగా ఉంది."

"వీడియో పంపినవాళ్లందరికీ తప్పని పెట్టు. అప్పుడొస్తా."

"నలుగురిలో నా పరువు..."

"ఆమె చేతి కట్టు కంటే ఎక్కువా?"

అన్నయ్య కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫోన్ మీద ఒక్క వేలితో చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరికి పైకి చదివాడు: "నిన్న నేను పంపిన వీడియో తప్పట."

ఆవిడ మిషన్ తొక్కడం ఆపలేదు.

"అట తీసెయ్ అన్నయ్యా" అంది.