మేనత్త చంకనెత్తుకొచ్చే సీటు

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను వడ్డాదిలో మా ఇంట్లో పాలు కాస్తున్నాను. ఆవిడ కొడుకు, మా బావ, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది." గుండెపోటట. నేనింకా కళ్ళు తుడుచుకోనేలేదు, కింద ఇంకెవరో చుట్టాల మెసేజీ పడింది: "ఎన్నింటికి తీస్తారు? పిల్లలతో ఉన్నాం. ఒకటే టాక్సీ మాట్లాడుకుని అందరం సర్దుకుంటాం." సర్దుకుంటారట! ఆ మాటంటేనే మేనత్తకి ఒళ్ళు మండేది. పోయిన రోజు కూడా ఆవిణ్ణి ప్రశాంతంగా ఉండనివ్వలేదు ఈ జనం.

చోడవరంలో ఆవిణ్ణి ఎరగని టాక్సీ డ్రైవరు లేడు. వీధిలో ఏ ఇంటి ముందు టాక్సీ ఆగినా సరే, తాగుతున్న టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి లేచేది. వెళ్ళేవాళ్ళలో చంటిపిల్ల ఉంటే లోపలికి పోయి, పిల్లల్ని కూర్చోబెట్టి బెల్టు కట్టే కారు సీటు చంకనెత్తుకుని వచ్చేది. మనవరాలు పుట్టగానే బావ వెంటపడి మరీ ఆవిడ కొనిపించిన సీటది. "టాక్సీల్లో ఇదెవడు పెడతాడమ్మా" అని బావ దాన్ని ఆవిడ దగ్గరే వదిలేసి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. దాంతో అది వీధందరి సీటయింది.

"ఏటమ్మా, నలుగురు కూసోవాల్సిన కాడ ఈ కుర్సీ ఏటి?" అనేవాడు డ్రైవరు.

"ఎనకాల బెల్టు క్లిప్పేదిరా బాబూ?"

"సీటు కవరు కింద ఉండిపోయిందమ్మా. ఎవలూ కట్టరు కదా."

"కవరెత్తు. నీ సోకు కోసం గుంటని సంపేస్తావేటి?"

అని తనే కవరు సందులో వేళ్ళు దూర్చి క్లిప్పు బయటికి లాగేది.

మనవైపు మర్యాద ఒకటుంది కదా! పిల్లతల్లి అంటే ముందు సీటు ఇవ్వాల్సిందే. గాలి తగులుతుంది, కడుపులో తిప్పదు. మగవాళ్ళు వెనకాల ఇరుక్కుంటారు, ఆవిడ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంటుంది. ఎంత గౌరవమో! ఆ గౌరవమే మేనత్త కొంప ముంచింది. ఎప్పుడో వయసులో ఉండగా, బావ తర్వాత తనకి పుట్టిన చంటివాణ్ణి ఎత్తుకుని, అందరూ బలవంతం చేస్తే ముందు సీట్లో కూర్చుని చీడికాడ బయల్దేరింది. ఎక్కేముందు ప్రార్థన కూడా చేసుకున్నారు. దారిలో గేదె అడ్డం వస్తే డ్రైవరు బ్రేకు తొక్కాడు. గేదెకేమీ కాలేదు. చంటివాడు ఒళ్ళోంచి ఎగిరి పడి, ఆస్పత్రికి చేరకుండానే పోయాడు.

ఆ సంగతి నాతో ఒక్కసారే మాట్లాడింది, గోంగూర వలుస్తూ. "గట్టిగానే పట్టుకున్నానే. సేతులు సాల్లేదు." ఆ తర్వాత ఇంకో కట్ట తీసుకుంది.

అందుకని "దేవుడు చూసుకుంటాడులే అత్తా" అని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషే. "సూసుకుంటాడు. బెల్టు కట్టడానికి నీకు సేతులిచ్చేడు కదా. మళ్ళీ ఆయన్నే దిగొచ్చి కట్టమంటావేటి?" అనేది.

మొహమాటానికి సీటు తీసుకునేవారు. మలుపు తిరగ్గానే డిక్కీలో పడేసేవారు. ఆవిడకి తెలియదనుకున్నారు, పాపం! తిరిగి ఇచ్చాక మేనత్త దాన్ని బోర్లించి దులిపేది. "ఒక్క బిస్కెట్టు ముక్క రాల్లేదు సూడు. పిల్ల కూసున్న సీటు ఇలాగుంటాదేటే?" నాకు కడుపు రగిలిపోయేది. "ఎందుకత్తా ఈ ఎదవలకి ఇవ్వడం?" అంటే, "ఎదవల కోసమేటి? గుంటల కోసం" అని కవరు ఉతికి, ఆరేసి, మళ్ళీ అడక్కుండానే ఇచ్చేది.

నా చిన్నది మాత్రం దాంట్లోనే తిరిగింది. మొదట్లో అనకాపల్లి దాకా గుక్కపట్టి ఏడ్చింది. ఒకసారి సీటు నిండా కక్కేసింది. సిగ్గుపడుతూ తిరిగిస్తే ఆ కవరు ఉతుకుతూ మేనత్త ఎంత మురిసిపోయిందో! నా కూతుర్ని అంత శ్రద్ధగా నా కన్నతల్లి కూడా కాచలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

పోయిన వారం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఒక్కొక్కరే లేచి ఆవిడ గురించి మంచి మాటలు చెప్పారు. ప్రతిసారీ సీటు డిక్కీలో పెట్టుకెళ్ళిన ఎదురింటావిడ కూడా లేచి, "మా పిల్లల్ని కాపాడ్డానికి ఎంత తపించిపోయేదో తల్లి" అని కొంగు నోట్లో కుక్కుకుంది. అందరూ ఆమెన్ అన్నారు. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

భోజనాలయ్యాక బావకీ, భార్యకీ, పాపకీ టాక్సీ వచ్చింది. కూడిక కోసం మేనత్త ఫోటో పెద్దది చేయించి అద్దం ఫ్రేము కట్టించారు. దాన్ని బావ తన ఇంటికి పట్టుకెళ్తున్నాడు. "జాగ్రత్త బాబూ, అద్దం" అన్నారు పాస్టరమ్మ గారు. బావ ఒక్క క్షణం ఆలోచించి, లోపలికెళ్ళి కారు సీటు తెచ్చాడు. నా ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా దేవుడా అనుకున్నాను. డ్రైవరు చేత కవరెత్తించాడు. సందులోంచి క్లిప్పు లాగాడు. సీటు కదలకుండా బిగించాడు, అచ్చం తల్లిలాగే. బిగించి, ఫోటోని అందులో నిలబెట్టి బెల్టు కట్టాడు.

"బావా! మరి పాప?"

"ఆళ్ళమ్మ ముందు కూసుంది కదే, ఒళ్ళో ఉంటాది."

"ఫోటో ఒళ్ళో పెట్టుకో! పాపని సీట్లో కూర్చోబెట్టు!" నా అరుపు వీధంతా వినపడింది.

"నీకేటైనా మతిపోయిందేటే? ఈ గోతుల్లో ఒళ్ళో పట్టుకుంటే ఆగుతాదేటి? పగిలిపోతాది."

పాస్టరమ్మ గారు బండి కోసం ప్రార్థన చేశారు. నేను ముందు తలుపు లాగబోయాను. కిటికీ అద్దంలోంచి బావ భార్య నవ్వి, పాప చెయ్యి పట్టుకుని నాకు టాటా చెప్పించింది. టాక్సీ కదిలింది. వెనక సీట్లో మేనత్త, భుజాల మీదుగా బెల్టులు బిగించుకుని, ఇంత కూడా కదలకుండా ముందుకే చూస్తోంది. ఆవిడ ఎదురుగా పాప, తల్లి ఒళ్ళో లేచి నిలబడి, ముందు అద్దానికి రెండరచేతులూ ఆనించి రోడ్డుని చూస్తోంది.