కంట్లో పడిన రవ్వ

డాన్యూబ్ నది ఒడ్డున ఓడలు కట్టే ఆ ఊళ్ళో జంఫీరాకి మొండిఘటమని పేరు. పెట్టింది ఆసుపత్రి పెద్దలే. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చేతుల మీదుగా ఎక్స్‌రేలు తీయించుకున్న జనం ఏనాడూ ఆ మాట అనలేదు. తండ్రి ఓడల కార్ఖానాలో ఇనుము సానపట్టేవాడు. ఆ ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి తనే. ఆ గర్వం ఆమెకి నిండా ఉంది, ఉంటే తప్పేమిటట?

ఎం.ఆర్.ఐ. యంత్రం వచ్చాక ఆమె పని అయస్కాంతానికి కాపలా కాయడం. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా, ఆ నీటి అణువుల్లో పిసరంత అయస్కాంతాలు తలో దిక్కూ చూస్తుంటాయి. పెద్ద అయస్కాంతం మధ్య పడుకోబెడితే అవి ఒక దిక్కుకి మొగ్గుతాయి. రేడియో తరంగంతో కదిలిస్తే ఒరిగి, మళ్ళీ సర్దుకుంటూ సన్నటి సంకేతం పంపుతాయి. ఆ సంకేతాలతోనే బొమ్మ తయారవుతుంది. ఇనుముకి అంత మర్యాద తెలీదు, ఎక్కడున్నా దూసుకొచ్చేస్తుంది. పైగా ఆ అయస్కాంతం స్కాన్ లేనప్పుడూ మేలుకునే ఉంటుంది.

ఆ సోమవారం నెకులాయ్ వచ్చాడు. డెబ్బై ఏళ్ళవాడు, నడుంనొప్పితో ఈ స్కాన్ కోసం అయిదు నెలలు ఎదురుచూశాడు. కాగితంలో ‘ఒంట్లో లోహం ఉందా?’ అన్నచోట ‘లేదు’ అని రాశాడు. జంఫీరా అతని చేతులు చూసింది. చర్మంలోకి ఇంకిపోయిన నల్లమచ్చలు, అచ్చం తన తండ్రి చేతులకున్నట్టే.

“పెద్దాయనా, ఎప్పుడైనా కంట్లో రవ్వ పడిందా?”

“పడకేం తల్లీ, వారానికోటి. మా మేస్త్రీ అగ్గిపుల్లతో తీసేసేవాడు, మళ్ళీ పనిలోకి.”

“అన్నీ వచ్చేశాయా?”

“వచ్చినవి వచ్చాయి. రానివి కన్నీళ్ళలో పోయుంటాయిలే.”

ఆ ఊళ్ళో రవ్వంటే నిప్పు, చల్లారితే ఇక లేనట్టే. అది ఇనుప నలుసని ఎవరికీ తోచదు, కాగితంలో ఎవరూ రాయరు.

ముందు కళ్ళకి ఎక్స్‌రే తీయాలంది జంఫీరా. విభాగం పెద్ద డాక్టర్ కొద్రిన్ కిందికి దిగొచ్చాడు. సాయంత్రానికి పద్దెనిమిది మందిని పూర్తి చేయాలని, రోగి రాసిచ్చిన మాట చాలని గదమాయించాడు. ఇప్పటికే ఆమె మీద రెండు మెమోలున్నాయి. మూడోది పడితే ఈ గదిలో ఆమెకి చోటు లేదు. జంఫీరా తాళంచెవి జేబులో వేసుకుని తలుపుకి అడ్డంగా నిలబడింది.

“ఆయన సంతకం పెట్టాడు కదా, మధ్యలో నీకేం పోయింది?”

“నాకేం పోదు డాక్టరుగారూ. పోయేది ఆయన కన్ను. లోపల నలుసుంటే కదులుతుంది, కదిలితే కోస్తుంది. ఎక్స్‌రేకి సంతకం పెట్టండి, లేదా నన్ను పీకేసి తలుపు మీరే తియ్యండి.”

కొద్రిన్ మండిపడుతూ రెండు సంతకాలు పెట్టాడు, ఒకటి ఎక్స్‌రేకి, రెండోది మూడో మెమో మీద. అరగంటకి ఫిల్ము వచ్చింది. ఎడమకంట్లో గసగసాల గింజంత తెల్లచుక్క.

కొద్రిన్ ఫిల్ముని వెలుతురుకి పెట్టి చూశాడు. నీ అదృష్టం బాగుందన్నాడు. మెమో మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు.

అదృష్టమట! జంఫీరాకి ఒళ్ళు మండింది. మెమో చేత్తో పట్టుకుని విసవిసా వరండాలోకి వెళ్ళింది. కొద్రిన్ వెంటే వచ్చాడు. బెంచీల మీద పదకొండుమంది ఉన్నారు, అందరి కాగితాల్లోనూ ‘లేదు’ అనే ఉంది.

“కంట్లో రవ్వ పడినవాళ్ళు చెయ్యెత్తండి,” అంది జంఫీరా.

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెల్డింగ్ చేసిన ఒకావిడ ముందు ఎత్తింది. తర్వాత ఒక్కొక్కటే తొమ్మిది చేతులు లేచాయి.

చివరి బెంచీ మీది ముసలాయన చెయ్యి దించకుండానే అడిగాడు. “రెండు కళ్ళలోనూ పడితే రెండు చేతులూ ఎత్తాలా, అమ్మాయ్?”