పట్టపగలు అత్తగారు చూసిన పురుగు

నేను హైస్కూల్లో సైన్స్ చెప్పేదాన్ని. దెయ్యాలంటే నాకు నవ్వు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే పిల్లల ముందే నోరు మూయించేదాన్ని. అందుకే ఇది దెయ్యం కథ అని నేను అనను. ఏమనాలో మాత్రం తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. ఆత్రేయపురం దగ్గర ఒక పల్లెలో అద్దెకుండేవాళ్లం. నేను, మావారు, ఐదు నెలల పాప, మా అత్తగారు. ఆవిడకి డిమెన్షియా. తుంటి విరిగాక మంచం దిగలేదు. పక్కకి ఒత్తిగిల్లాలన్నా నేనే తిప్పాలి.

ఆ శ్రావణంలో ఆవిడకి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం తగిలింది. దాంతో పగలూ రాత్రీ తలకిందులయ్యాయి. రాత్రంతా తెల్లారింది, కాఫీ ఏదని గోల. ఎండెక్కేసరికి దీపం పెట్టమని పోరు. పక్కింటావిడ పగలు పదకొండింటికి తోడుకి కాస్త పెరుగు అడిగితే, దీపాలు పెట్టాక ఇవ్వకూడదని మొహం మీదే చెప్పేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రాజమండ్రి డాక్టరుగారు విసుక్కోకుండా చెప్పారు. "ఒంట్లో క్రిములు చేరితే వాటితో పోరాడమని రక్తంలో కొన్ని రసాయనాలు కబురు మోస్తాయమ్మా. ఆ కబురు మెదడులో ఉన్న గడియారాన్ని కూడా తికమక పెడుతుందేమో అంటున్నారు. మతిమరుపు ఉన్నవాళ్లకి ఆ గడియారం ముందే బలహీనం కదండి."

నాకది నచ్చింది. కారణం ఉందంటే నాకు ధైర్యం.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పాపని వెనక గదిలో ఉయ్యాల్లో పడుకోబెట్టి, ముందు గదిలో అత్తగారికి జావ పట్టిస్తున్నాను. ఆవిడ గభాలున నా చెయ్యి పట్టుకున్నారు.

"పాప ఉయ్యాల కింద పురుగుందే."

"ఏం పురుగండీ అత్తయ్యగారూ? చీమలా?"

"చీకటేళ దాని పేరెత్తమంటావేంటే!" అని కసిరారు.

నేను స్పూను మళ్లీ నోటిదాకా తీసుకెళ్లాను కూడా. అప్పుడు తట్టింది. చీకటి పడ్డాక మా వైపు పాముని పాము అనరు. పురుగు అంటారు. ఆవిడకి అది రాత్రి.

గిన్నె ఎక్కడ పడేశానో తెలియదు. తలుపు తోసుకుని వెళ్లేసరికి ఉయ్యాల కింద, గుడ్డల మూట పక్కన, తాచు. తల ఎత్తి ఉంది. పాప చెయ్యి ఉయ్యాల్లోంచి కిందికి వేలాడుతోంది. పాపని ఎలా లాక్కున్నానో ఇప్పటికీ గుర్తు రాదు. నా కేకలకి పక్కింటాయన కర్రతో వచ్చి దాన్ని చంపారు.

గోదారికి వరదొస్తే పాములు ఇళ్లలోకి రావడం మామూలే. జ్వరానికి మధ్యాహ్నం రాత్రి అయిపోయిందంటే అదీ ఒప్పుకుంటాను. కానీ రెండు గదులకీ మధ్య గోడ ఉంది, తలుపు వేసే ఉంది. చిన్న చప్పుడు కూడా లేదు. ఆవిడకి రెండు కళ్లల్లోనూ శుక్లాలు.

పాపని ఎత్తుకుని అత్తగారి దగ్గరికి వెళ్లి, చంపేశారండి, భయం లేదని చెప్పాను. ఆవిడ చెయ్యి చాచి పాపని తడిమారు.

"ఒకటేనా?" అన్నారు.

ఇల్లంతా దులిపాం. ఇంకేమీ కనపడలేదు. మూడో రోజుకి జ్వరం దిగింది, ఆవిడకి పగలు పగలైంది. నెమ్మదిగా అడిగి చూశాను. "పామేంటమ్మా?" అని నన్నే వింతగా చూశారు.

ఆ వారమే ఇల్లు ఖాళీ చేశాం. ఆవిడకి ఎలా తెలిసిందో నేను ఈనాటికీ చెప్పలేను. ఆ రెండోది అసలు ఉందో లేదో కూడా తెలియదు.