వృత్తానికి మూడు ఆదివారాలు

లోకంలో ఏ పనినైనా మా చర్చి సంఘం నడిచే పద్ధతిలో నడపవచ్చని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. ఇప్పుడూ నమ్ముతాను. కాకపోతే అప్పుడు నన్ను చూసి నవ్వేవాళ్ల కోసం ప్రార్థన చేసేదాన్ని, ఇప్పుడు వాళ్లతో కలిసి నవ్వుతున్నాను. వికారాబాదులో డిగ్రీ ముగించి, ఉద్యోగం రాక, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెబుతూ, మిగతా రోజులు లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. (మా అమ్మ లెక్కలో వారానికి నేను పని చేసేది ఆ ఒక్క ఆదివారమే.)

మా పెద్దమ్మ కోడలు, అంటే నాకు వదిన, తాండూరులో బండల పాలిష్ యూనిట్ల నడుమ ఉన్న చిన్న బడిలో టీచరు. పిల్లల తండ్రులంతా గనుల్లోనో, పాలిష్ మిషన్ల దగ్గరో పనిచేసేవాళ్లు. పట్నంలోని ఒక దాతల సంస్థ ఆ బడికి పాత కంప్యూటర్లు కొన్ని ఇచ్చింది. పొద్దున్నే వదిన వాటి మీద బండపొడి తుడిచేది. అదే పొడి ఆ తండ్రుల ఊపిరితిత్తుల్లో ఉండేది, దాన్ని తుడవడం ఎవరికీ చేతనయ్యేది కాదు. "ఇంగ్లీషుల రాసుడంటే పిల్లలు బెదురుతున్నరు పిల్లా. తెలుగుల రాస్తే బొమ్మ గీసేది ఏమన్న ఉన్నదా?" అని వదిన అడిగింది. ఆ ముసలి కంప్యూటర్ల మీద నడిచేది ఏదీ మాకు దొరకలేదు. అందుకని మేమే తయారుచేయడానికి పూనుకున్నాం. 'గీత', 'వృత్తం', 'రంగు' అని తెలుగులో రాస్తే తెర మీద బొమ్మ పడాలి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు.

'మేము' అంటే ముగ్గురం. ఒకరు తాండూరులో జిరాక్సు దుకాణం నడిపే భాయ్, తనంతట తానే ప్రోగ్రామింగు నేర్చుకున్నవాడు. ఇంకొకరు పూడూరు వైపు కందిచేల ఆసామి కొడుకు. ప్రతి మాటకూ తీర్పు చెబుతాడు కాబట్టి ఆయనకు మేం పెట్టిన పేరు పటేల్. మూడోదాన్ని నేను. మా సంఘంలో పెళ్లి కుదిరితే అయ్యగారు, అంటే మా పాస్టరు, వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో ఆ జంట పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమంటారు. ఈ పద్ధతినే నేను మా ప్రోగ్రాముకు పెట్టాను. ఎవరు ఏ భాగం రాసినా మూడు ఆదివారాలు మేము ముగ్గురం, వదిన ఉన్న ఆన్‌లైన్ గ్రూపులో ప్రకటించాలి. అభ్యంతరం వస్తే జవాబు చెప్పాలి, చెప్పినవాళ్లే దాన్ని వాపసు తీసుకోవాలి. అప్పుడే అసలు ప్రోగ్రాములో కలుపుతాం.

"అరె పాస్టరమ్మా, గిది ప్రోగ్రామా, షాదీనా? మా దగ్గర అయితే ఒక్క దినంల నికా అయిపోతది" అన్నాడు భాయ్. నా ముద్దుపేరు ఆ రోజునుంచే స్థిరపడింది. పటేల్‌కు మాత్రం పద్ధతి తెగ నచ్చింది. వచ్చిన ప్రతిదానికీ "నాకు అభ్యంతరమున్నది" అనేవాడు. (ఆయన మా సంఘంలో పుట్టుంటే ఇప్పటికీ మా వాళ్లెవరికీ పెళ్లిళ్లు అయ్యేవి కావు.) కానీ నిజం చెప్పాలి, ఆ అభ్యంతరాల వల్లే చాలా తప్పులు బయటపడ్డాయి.

చిక్కు వృత్తంతో వచ్చింది. నా లాప్‌టాప్ మీద కళ్లు మూసి తెరిచేలోగా రంగు నిండేది. వదిన కంప్యూటర్లలో మాత్రం, పిల్లలు 'వృత్తం' అని కొట్టి, బయటికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చినా సగమే నిండేది. భాయ్ కూర్చుని ఆ భాగాన్ని కొత్తగా రాశాడు. మొదటి ప్రకటన అయ్యింది, రెండోదీ అయ్యింది. ఆ మర్నాడే వదిన ఫోను చేసింది.

"పిల్లా, బుధవారం ఆ సంస్థోళ్లు వస్తున్నరు. పిల్లలు ఏమన్న నేర్సుకున్నట్టు కనబడకుంటే కంప్యూటర్లు తీస్కపోతరంట. గది మూసేస్తరు."

"మూడో ఆదివారం ఇంకా కాలేదు వదినా."

"ఆదివారం దాకా ఆగుతే కంప్యూటర్లే ఉండయి. ప్రకటన చదువుడు మీరే, వినుడు మీరే."

నేనే పెట్టిన కట్టడను నేనే మీరడమా? మోకరించి దేవుణ్ణి అడిగాను. చివరికి అయ్యగారి దగ్గరికి పోయి, "అవసరమైతే మూడో ప్రకటన లేకుండా కలపవచ్చా అండీ?" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, తలుపు దగ్గరగా వేసి, చాలా మెల్లగా "అబ్బాయి ఎవరమ్మా?" అన్నారు. సంగతంతా విన్నాక ఆయన ముఖంలో కనిపించినంత నెమ్మది నేను క్రిస్మస్ రోజున కూడా చూడలేదు. "నియమం మనుషుల మేలు కోసమేనమ్మా. వెళ్లి కలుపు" అన్నారు. కలిపాను. పటేల్ కూడా, ఎన్నడూ లేనిది, అభ్యంతరం పెట్టలేదు.

బుధవారం తాండూరు బస్సెక్కాను. భాయ్ కూడా దుకాణం మూసి బడికి వచ్చాడు. కొత్త వృత్తం ఆ ముసలి కంప్యూటర్లలో చకచకా నిండింది. వచ్చిన పెద్దమనిషి ఒక అమ్మాయి గీసిన బొమ్మ చూసి, "సూర్యుడు బాగున్నాడు" అని మెచ్చుకున్నాడు. ఆ పిల్ల "సూర్యుడు గాదు సార్, బండలు కోసే బ్లేడు. మా నాయిన మిషన్‌ది" అంది. ఆయన చప్పట్లు కొట్టాడు, ఫొటోలు తీయించాడు. తర్వాత బయట నిలబెట్టిన డీసీఎం వ్యాన్ డ్రైవరుకు చెయ్యూపాడు. వ్యాను వాళ్లతోపాటే వచ్చింది. ఈ కంప్యూటర్లు వేరే బడికి పోవాలని ముందే తీర్మానమైందట. పిల్లల చదువు చూడటం మర్యాద కోసమట. పిల్లలే వరసగా నిలబడి కీబోర్డులు అందించారు. తీగలు మెలిపడకుండా చుట్టమని వదిన చెబుతూనే ఉంది. "చప్పట్లయితే మస్తు కొట్టిండ్రు" అన్నాడు భాయ్, గేటు వైపు చూస్తూ.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నేను ఏం చేశానో చెబితే మీరు నవ్వుతారు. మూడో ప్రకటన గ్రూపులో పెట్టాను. కలిపేసినదానికి, నడపడానికి కంప్యూటరే లేని వృత్తానికి! మొదలుపెట్టింది ముగించాలని మాకు నేర్పిన చదువు అలాంటిది. అంతవరకు ఎన్నడూ ఆ గ్రూపులో ఒక్క ముక్క రాయని వదిన రాసింది: "నాకు అభ్యంతరమున్నది. ఇప్పుడు ఇది ఎవ్వల కోసం?"

కట్టడ ప్రకారం జవాబు చెప్పాలి. ఆ అభ్యంతరాన్ని అలాగే తెరిచి ఉంచాను.

తర్వాత ఆ ప్రోగ్రామును ఎక్కడెక్కడివాళ్లో తీసుకున్నారు, నాకూ ఉద్యోగమొచ్చింది, పటేల్ కందులకూ భాయ్ జిరాక్సులకూ తిరిగి వెళ్లారు. బడి గదిలో ఇప్పుడు సిమెంటు బస్తాలున్నాయి. ప్రతి క్రిస్మస్‌కు కేకు పట్టుకుని తాండూరు పోతాను. పోయినప్పుడల్లా, "వదినా, ఆ అభ్యంతరం వాపసు తీసుకుంటావా?" అని అడుగుతాను.

"తీస్కోను. గదిల కంప్యూటర్లు రానియ్యి, అప్పుడు జూద్దాం. కేకు కొయ్యి ముందు."

కేకు కోస్తూ ఆ రోజుల్లోని నన్ను తలుచుకుని నవ్వుకుంటాను. మూడుసార్లు పైకి చదివి, అడిగినవాళ్లందరికీ జవాబు చెబితే, ఇక దేన్నీ ఎవరూ విడదీయలేరని ఎంత ధీమాగా ఉండేది ఆ పిల్ల! వదిన అభ్యంతరాన్ని ఒక్క మీట నొక్కి మూసేసే అధికారం నాకు ఇప్పటికీ ఉంది. మూయను. పైనున్న దేవుడి నుంచి కూడా ఇంకా జవాబు రాని ప్రశ్న అది.