రాయి లేని వరుస

బందరులో మా సంఘపు సమాధుల తోటను చూసినప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, కోపం. నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే నా భార్యను అక్కడ భూస్థాపన చేశాము. నెల తిరిగాక వెళ్లి చూస్తే, ఆమె తలవైపు నిలిపిన సిలువకు ఎవరో గేదెను కట్టేశారు. దారి పొడవునా సర్కారు తుమ్మ. ఆ సాయంత్రమే సంఘ పెద్దలకు అర్జీ రాశాను. నెలకొకటి చొప్పున మూడు రాశాను; మూడింటి నకళ్లూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మూడింటికీ కలిపి వచ్చిన జవాబు ఒక్కటే: “చూద్దాం మేస్టారూ.”

చూడడానికి వారికి తీరిక లేదు కనుక నేనే కత్తి పట్టాను. తొంభయ్యవ దశకం చివరి సంవత్సరాలవి. శనివారం ఉదయాల్లో మరో ముగ్గురు విశ్రాంత ఉద్యోగులు నాతో కలిసేవారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. పట్టీ లేకుండా నాకు ఏ పనీ సాగదు. పొడవాటి పుస్తకం ఒకటి కొని గళ్లు గీశాను: వరుస, సంఖ్య, రాతి మీది పేరు, నాటిన మొక్క, దాని స్థితి. మా చౌడు నేలలో గులాబీలు బతకలేదు. తొమ్మిది మొక్కలకు ఎదురుగా ‘చనిపోయినది’ అని రాసుకున్నాను. క్రోటన్లు మాత్రం నిలిచాయి.

దక్షిణపు గోడ వెంట రాళ్లేవీ లేవు. అక్కడక్కడా బిళ్లగన్నేరు గుబురుగా పెరిగి ఉండేది. ఈస్టరుకు నెల ముందు దాన్నంతా పీకించి, క్రోటన్ల కోసం తాడు పట్టి గుర్తులు పెట్టాను. ‘పిచ్చి మొక్కలు, ముప్పై ఎనిమిది దుబ్బులు, తీసివేయడమైనది’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో నమోదు చేశాను.

రెండు రోజులు గడవకముందే గిలకలదిండి నుంచి చేపలు తెచ్చి అమ్మే ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అంతకుముందు ఆమెను చాలాసార్లు చూశాను. అమ్మకం అయ్యాక ఖాళీ గంప గోడ పక్కన దించి, వీధి కుళాయి నుంచి బిందెతో మంచినీళ్లు తెచ్చి అక్కడ పోసి వెళ్లేది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

“మేస్టారూ, నా పిల్లేదండి?”

“ఏ పిల్లమ్మా?”

“ఇక్కడుండాలండి. చెట్టుండాలి. ఏదీ?”

“ఉండమ్మా, పుస్తకం చూస్తాను. రాతి మీద ఏం పేరుంది?”

“రాయెక్కడిదండి? పుట్టిన నాలుగో రోజునే పోయింది. పేరు కూడా పెట్టలేదు. చెట్టు పెట్టుకున్నాం.”

అప్పుడు తెలిసింది. రాయి వేయించలేని ఇళ్లవారు సమాధి తలవైపు ఒక బిళ్లగన్నేరు నాటుతారు. ఉప్పు నేలలో, మండుటెండలో, ఏడాది పొడవునా పూసేది అదొక్కటే. చుట్టూ రాలి మొలిచినవాటిని ఏటా ఏరేసి, తల్లి దుబ్బును మాత్రం ఉంచుతారు. ఈస్టరు తెల్లవారుజామున దాని పక్కనే కొవ్వొత్తి వెలిగిస్తారు. అంటే నేను లెక్కపెట్టినవి ముప్పై ఎనిమిది సమాధులు. ఎన్ని దుబ్బులో రాసుకున్నాను గానీ, ఏది ఎక్కడో రాసుకోలేదు. సిలువకు గేదెను కట్టినవాడిని మూడు అర్జీల్లో తిట్టినవాణ్ణి, నా మీద ఎవరికి అర్జీ పెట్టను?

“అంతమందికి చదువు చెప్పారంట. పువ్వుకీ పిచ్చి మొక్కకీ తేడా తెలీలేదా అండి?” అంది.

“తప్పు నాదేనమ్మా.”

ఆమె ఏడవలేదు. కూర్చుని మట్టి మీద అరచెయ్యి ఆనించి చూసింది.

“గుంటలు తవ్వారా?”

“లేదమ్మా, గుర్తులే పెట్టాను.”

“అయితే తవ్వమాకండి. కాయలు పగిలి గింజ పడే ఉంటది. తడి ఆరనియ్యకుండా చూద్దాం. పడినచోటే మొలుత్తాయి.”

“మొలిచినా అన్నీ ఒకేలా ఉంటాయి గదా. నీది ఏదో ఎలా తెలుస్తుంది?”

“నాది తెల్ల పూలదండి. ఈ గోడమ్మట తెల్లది అదొక్కటే. మొలవనియ్యండి, చెప్తాను.”

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఆమె బిందె ఆమె మోసింది, నా బకెట్టు నేను మోశాను. నేను రెండు బకెట్లకే ఆయాసపడి కూర్చుంటే, ఊరంతా గంప మోసి తిరిగి వచ్చిన మనిషి ఏడెనిమిది బిందెలు పోసేది. “కూర్చోండి మేస్టారూ, మిమ్మల్ని కూడా ఇక్కడే పెట్టుకోవాలా?” అని నవ్వేది. పన్నెండో రోజున మొలకలు కనిపించాయి. కళ్లజోడు తుడుచుకుని వంగి చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె మోకాళ్ల మీద గోడ వెంట పాకుతూ వెళ్లి, ఒకచోట ఆగింది.

“ఇదిగోండి.”

మిగతా మొలకల కాడల్లో లేత ఎరుపు ఉంది. ఆ గుప్పెడు మొలకల కాడలు మాత్రం శుద్ధ పచ్చన.

“ఎర్ర పూలదానికి కాడలోనే ఎరుపు దిగుద్దండి. తెల్లదానికి దిగదు.”

ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక్క బిందువు స్థిరపడితే మిగతావి కొలుచుకోవచ్చని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను. ఆ బిందువును ఆమె ఇచ్చింది. తన వీధివాళ్లను వెంటబెట్టుకొచ్చింది. “మీ నాన్న మా పిల్లకి కాళ్ల దిక్కున గదా?” అంటూ ఒక్కొక్కరినీ నిలబెట్టి చూపించింది. నేను టేపు పట్టి గోడ నుంచి దూరాలు రాసుకున్నాను. నాలుగు సమాధులు ఎవరివో తేలలేదు. ఆ నాలుగు గళ్లూ ఈనాటికీ ఖాళీగానే ఉన్నాయి. ఆ తప్పు నాది.

‘పిచ్చి మొక్కలు’ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టేసి, కొత్త వరుస మొదలుపెట్టాను. పేరు గడిలో ఏం రాయమంటావని ఆమెను అడిగాను.

“తెల్ల బిళ్లగన్నేరని రాయండి. ఈసారి పీకేముందు పుస్తకం చూసుకుంటారుగా.”

ఈస్టరు తెల్లవారుజామున వేలెడంత కూడా లేని మొలకల పక్కన ఆమె కొవ్వొత్తి వెలిగించింది. ఆమెకు సందేహం లేదు; నాకు ఇంకా ఉంది. తొలకరి పడ్డాక మొదటి మొగ్గ విచ్చింది. తెల్లది. ఆమె గంప దించి పువ్వును చూసింది, తరువాత నన్ను చూసింది, బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది.