పాచి సంఘంలో ఆమె హాజరు

మా ఆవిడ ఉద్యోగమంతా ఒక దవాఖాన ల్యాబులో రక్తం, మూత్రం చూడడంలో గడిచింది. మైక్రోస్కోపు మీద వంగి వంగి ఆమె మెడ కొంచెం ముందుకు నిలిచిపోయింది. రిటైరయ్యాక విశ్రాంతి తీసుకుంటుందనుకున్నాను. ఆమె పాచి సంఘంలో చేరింది. ఎందుకని అడిగితే, "ఇన్నేండ్లు రోగమున్నదాన్నే చూసిన. ఇగ రోగం లేనిదాన్ని చూస్త" అంది.

సంఘానికి పెద్ద పేరే ఉంది. అందులో శైవలాలు, అధ్యయనం, పరిసర ప్రాంతాలు వంటి మాటలన్నీ ఉన్నాయి. శంషాబాద్‌లో అధ్యక్షుడి ఇంటి గేటుకు ఆ పేరుతో బోర్డు ఉంటుంది. శైవలం అంటే పాచి అని ఎవరో కనుక్కున్నారు. అప్పటినుంచి ఇళ్లవాళ్లు వచ్చి సంపు కడగడానికి ఎంత తీసుకుంటారని అడిగేవారు. అధ్యక్షుడు కోస్తావైపునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డ్ వృక్షశాస్త్రం లెక్చరర్. ఆయన ప్రతివాళ్లనూ కూర్చోబెట్టి, "మేము తీసేవాళ్లం కాదండీ, చూసేవాళ్లం" అని చెప్పేవారు. వాళ్లు అంతా విని, తీసేవాళ్ల నంబరుందా అని అడిగి వెళ్లేవారు.

నెలకో ఆదివారం ఆయన డాబా మీద, రేకుల కింద సమావేశం. విమానాలు అక్కడ బాగా కిందుగా పోతాయి. ఒకసారి విమానం చప్పుడులో ఒక తీర్మానం సగమే వినిపించి గొడవైందట. అందుకని విమానం నెత్తిమీద ఉండగా మాట్లాడింది చెల్లదని నియమం పెట్టుకున్నారు. మాట్లాడుతున్నవాళ్లు చప్పుడు రాగానే ఆగిపోతారు. చెయ్యి ఎత్తినవాళ్లు ఎత్తినట్టే ఉంటారు. విమానం పోయాక అక్కడినుంచే మళ్లీ మొదలవుతుంది. నేను మా ఆవిడను దింపి, తిరిగి తీసుకుపోవడానికి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ని. నవ్వేవాణ్ని కాదు. చర్చిలో ప్రసంగానికీ ఈ నియమం ఉంటే బాగుండునని అనుకునేవాణ్ని.

ఇంకో నియమం ఉంది. దానివల్లే ఇదంతా రాస్తున్నాను. సంఘం కార్యదర్శి ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. హిమాయత్ సాగర్ గట్టున ప్రయాణికుల కోసం ఎదురుచూస్తూ నీటివైపు చూడడం మొదలుపెట్టి ఇందులో పడ్డాడు. కిరాయి దొరికితే సమావేశానికి రాలేడు. ప్రతి సభ్యుడూ తాను చూసుకునే నీళ్లు ఒక సీసాలో తేవాలి; అతను తన సీసా ఎవరిచేతనైనా పంపేవాడు. సభ్యుడు రాకపోయినా, అతను చూసుకునే నీళ్లు వస్తే వచ్చినట్టేనని అధ్యక్షుడు తీర్పు చెప్పారు. ఒకటే షరతు: అందులో ప్రాణమున్న పాచి ఉండాలి. ఆయన ప్రతి సీసాలోంచి ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, "ఉన్నారు" అంటారు. దాంతో హాజరు అయినట్టు. మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా నీళ్లు చూశాకే అంటారు.

మా ఆవిడ నీళ్లు సాతంరాయిలో మా ఇంటి వెనక ఉన్న గోలెంవి. సిమెంటు తొట్టి, బట్టలు నానబెట్టడానికి కొన్నది. ఆమె రిటైరయ్యాక బట్టలకు వేరే చోటు చూసుకోవలసివచ్చింది.

మొన్న ఎండాకాలంలో ఆమె పోయింది. గుండె ఆగింది. సంఘంవాళ్లంతా వచ్చారు, మట్టి వేశారు. సమాధి కట్టిన మేస్త్రీ బైబిలు వాక్యం ఏది రాయాలని అడిగాడు. పేరు, రెండు తేదీలు చాలన్నాను. చాలా చోటు మిగిలిపోతుందన్నాడు. మిగలనీ అన్నాను. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్ది బతికినవాణ్ని. ఇతరుల దుఃఖంలో విశేషణాలు కొట్టేసిన చేత్తో నా దుఃఖానికి తగిలించుకోలేకపోయాను.

తరవాతి సమావేశానికి ముందురోజు కార్యదర్శి ఫోన్ చేశాడు. మేడం సీసా తెస్తారు కదన్నా అన్నాడు. మరిచిపోయి అడుగుతున్నాడనుకున్నాను. కాని మట్టి వేసినవాడు ఎలా మరిచిపోతాడు? తీసుకుపోయాను. అధ్యక్షుడు ఆ చుక్కను మామూలుకంటే ఎక్కువసేపు చూశారు. తల ఎత్తకుండానే, "ఉన్నారు" అన్నారు.

తరవాత సంతాప తీర్మానం చదివారు. ఏకగ్రీవంగా ఆమోదించామన్నారు. ఆ ఏకగ్రీవంలో ఆమె కూడా ఉందా అని నేను అడగలేదు.

అప్పటినుంచి నెలనెలా సీసా పట్టుకుపోయాను. వానాకాలమంతా గోలెంను చూసుకున్నాను. బోరునీళ్లకు పాచి చస్తుందని వాటిని తగలనివ్వలేదు. ఆమె చేసినట్టే వాననీళ్లు పోశాను, పైన పచ్చ వల కప్పాను. ఇదంతా అర్థం లేనిదని నాకు తెలుసు. నాకు దెయ్యాలమీద నమ్మకం లేదు, పునరుత్థానంమీద కూడా ఆదివారాలు తప్పితే గట్టి నమ్మకం లేదు. కాని నెలకోసారి చదువుకున్న మనిషి ఒకడు పనిముట్టుతో చూసి ఆమె ఉందని చెప్పేవాడు. ఆ మాట ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. గోలెం పచ్చగా ఉన్నంతకాలం అది ఆగదు.

సమాధుల పండుగకు రెండు రోజుల ముందు తుక్కుగూడనుంచి మా మరదలు వచ్చింది. మా ఆవిడకు ఒక్కతే చెల్లెలు. ఇల్లు సర్దిపెడతానంది. నేను సున్నం, కుంచెలు, కొవ్వొత్తులు కొనడానికి బయటికి పోయాను. వచ్చేసరికి పెరట్లో బ్లీచింగ్ పౌడరు వాసన. గోలెం కొన్ననాటిలా తెల్లగా ఉంది. నీళ్లు మోరీలో పోయాయి. మరదలు పక్కనే నిలబడి చేతులు దులుపుకుంటోంది.

"మనిషి పోయిన ఇల్లని తెలుస్తనే ఉన్నది బావా" అంది. "పాచి తీసే సంఘంల తిరిగినదాని ఇంట్లనే గింత పాచా? అక్కుంటే గిట్ల ఉండనిస్తుండెనా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆమె కూడా అందరిలాగే, అక్క ఊళ్లో ట్యాంకులు కడిగించే సంఘంలో సేవ చేస్తోందనుకుంది. మా ఆవిడ సరిచెయ్యలేదు. చెప్పి ఉంటే చెల్లెలు చచ్చేదాకా నవ్వేదని తెలుసు కాబోలు.

చేతులు మండుతున్నాయా అని అడిగాను. కొద్దిగా అంది. కొబ్బరినూనె తెచ్చి ఇచ్చాను. ఆమె లోపలికి పోయాక గోలెం అడుగు, అంచు, కింద రాయి అన్నీ వెతికాను. మోరీ దగ్గర మోకాళ్లమీద కూర్చున్నాను. ఆమె ఎంత బాగా రుద్దిందో అప్పుడు తెలిసింది.

పండుగనాడు శ్మశానం నిండా జనం. అందరూ తమతమ సమాధులు కడిగి సున్నం వేస్తున్నారు. మేమూ మొదలుపెట్టాం. మూడు పక్కలు అయ్యాక ఉత్తరం పక్కకు వచ్చాను. ఆ పక్కన కుళాయి కారుతుంటుంది. ఒక వానాకాలం చూసిన సిమెంటు మీద, నేల దగ్గర, అరచేతి వెడల్పున పచ్చగా పట్టి ఉంది. కుంచె పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

మరదలు వచ్చి, "ఆ పక్క మర్చిపోయినవ్ బావా" అంది.

మర్చిపోలేదన్నాను. తాళంచెవితో ఆ పాచి గీకి, మంచినీళ్ల సీసాలో వేసుకున్నాను. పక్క సమాధివాళ్లు కుంచెలు ఆపి చూశారు. మరదలు నా చెయ్యి పట్టుకుని, ఎండ తగిలిందేమో, నీడకు పోదాం పా అంది. ఇక చెప్పక తప్పలేదు. సంఘం సంగతి, సీసాల సంగతి, బోరునీళ్లు తగలనివ్వని గోలెం సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. అక్క కాళ్లవైపు, సున్నం తడి ఆరని అంచుమీద కూర్చుంది. చీరకు సున్నం అంటింది.

"గట్లయితే అక్కను నేనే మోరీల పారబోసిన్నా?"

కాదన్నాను. విమానం వచ్చింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం. ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు. పోయాక మళ్లీ కాదన్నాను, చెల్లుతుందని.

ఆ ఆదివారం సమావేశానికి తనూ వస్తానంది. డాబామీద ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని, తీర్పు వినడానికి వచ్చినట్టు కూర్చుంది. అధ్యక్షుడు మా చుక్క చూశారు. అద్దం తిప్పారు, మళ్లీ చూశారు.

"ఇది ఆవిడ నీరు కాదండీ" అన్నారు. గోలెంలో ఉన్న రకం వేరు, ఇది తడి గోడలమీద పెరిగేది అని చెప్పారు. ఎక్కడిదని అడిగారు. చెప్పాను.

కార్యదర్శి లేచాడు. మేడం ఇప్పుడుంటున్నది అక్కడే కాబట్టి, ఆ పాచి ఆమెదేనని వాదించాడు. ఇల్లు మారిన సభ్యులు కొత్త నీళ్లు తెస్తే ఒప్పుకుంటున్నాం కదా అన్నాడు. సమాధిని చిరునామా అనవచ్చా అని ఒకరు అడిగారు. ఆమె స్వయంగా మారలేదు, మార్చారు అని ఇంకొకరు అన్నారు. రెండు విమానాలు దిగాయి. రెండుసార్లూ అందరూ నోళ్లు తెరిచి ఆగారు. మా మరదలు ఒక్కొక్కరి మొహం చూస్తూ ఉంది. ఈ సంగతి అక్క తనకెందుకు చెప్పలేదో ఆమెకు అప్పుడు తెలిసినట్టుంది.

చివరికి అధ్యక్షుడు చెయ్యి ఎత్తారు. నీళ్లు ఎక్కడివన్నది కాదు, ఎవరు చూసుకుంటున్నారన్నదే నియమం అన్నారు. నావైపు తిరిగి, దీన్ని చూసుకుంటున్నది ఎవరని అడిగారు.

ఆలోచించాను. సున్నం వెయ్యకుండా ఆపింది నేనే. నేనేనన్నాను.

"అయితే మీరు ఉన్నారు" అన్నారు. కొంచెం ఆగారు. విమానమేదీ లేదు. "ఆవిడ రాలేదు."

అన్ని నెలల్లో ఆ మాట ఎవరూ అనలేదు. పోయింది అన్నారు, ప్రభువు దగ్గరికి చేరింది అన్నారు, మనమధ్యే ఉంది అన్నారు. రాలేదని ఎవరూ అనలేదు. ఉన్నమాట అది. దిద్దడానికి ఏమీ లేదు.

కార్యదర్శి నాకు టీ ఇచ్చాడు, సభ్యుడికి ఇచ్చినట్టు.

తిరిగి వస్తుంటే మరదలు శ్మశానం దగ్గర బండి ఆపమంది. నేరుగా ఉత్తరం పక్కకు పోయి వంగింది. నేను గీకిన చోట గీతలు పడి ఉన్నాయి. చుట్టూ కొంచెం పచ్చ మిగిలింది. కుళాయి ఎవరో బాగు చేయించారు, కారడం లేదు.

"ఎండిపోతది గద బావా" అని తన సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. మూత తిప్పి, ఆగి, నావైపు చూసింది.

"బోరునీళ్లు పొయ్యచ్చునా?"