ఎండు చేపల డబ్బాలో ఆర్‌ఎన్‌ఏ

1994 జూన్‌లో నేను శంషాబాద్ దాటాక బెంగళూరు రోడ్డు పక్కన ఉన్న ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, జీవరసాయన విభాగంలో, తాత్కాలిక శాస్త్రవేత్తగా చేరాను. అప్పటికి ఆ ప్రాంతానికి విమానాశ్రయం రాలేదు. బస్సు దిగితే ద్రాక్షతోటలు, రాళ్ళగుట్టలు, లారీలు ఆగే హోటళ్ళు కనిపించేవి. మా నాన్నగారు మచిలీపట్నం దగ్గర సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి వ్యక్తిని నేనే కావడంతో నియామకపత్రంలోని ప్రతి వాక్యాన్నీ శ్రద్ధగా చదివాను. నిపుణుల సంఘం ఏడాది చివర వచ్చి, నా పని చూసి తృప్తి చెందితేనే ఉద్యోగం ఖాయమవుతుందన్న వాక్యం మాత్రం కంఠస్థమైపోయింది.

మహేశ్వరం వైపు టమాటా తోటలను ఎండగొడుతున్న ఒక వైరస్‌ను గుర్తించడం నాకు అప్పగించిన పని. ఆ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. తెగులు సోకిన ఆకును నూరి, ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, జెల్ అనే పలుచని జిగురుపలక గుండా విద్యుత్తుతో నడిపిస్తాం. పదార్థం చెక్కుచెదరకుండా ఉంటే అతినీలలోహిత కాంతిలో నారింజరంగు గీతలు స్పష్టంగా కనబడతాయి. చెడితే పలకమీద పొగ పట్టినట్టు ఒక మసక మిగులుతుంది. నాకు నెలల తరబడి మసకే వచ్చింది.

ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమును ఆర్‌ఎన్‌ఏజ్ అంటారు. అది మన చెమటలో, ఉమ్మిలో ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో ఉడికించినా పూర్తిగా నశించదు. అందువల్ల గాజుసామానును గంటల తరబడి కాల్చేదాన్ని, చేతి తొడుగులు లేకుండా బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. నా వంతు లోపం ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక ఉదయం ప్లాస్టిక్ ట్యూబులు తీసుకోవడానికి వరుసలో నిలబడినప్పుడు కారణం నా కళ్ళముందే కనిపించింది.

ట్యూబులు పంచే అధికారం ఉపసంచాలకులు శేషగిరి గారిది. అలమర తాళంచెవి ఆయన జంధ్యానికే ఉండేది. ఆయన నిజాయితీపరులు, మితభాషి, పరమ శాకాహారి. ప్లాస్టిక్ సంచి మూతి అంటుకుని ఉంటే ఆయన చూపుడువేలు నాలుకకు అద్ది, సంచి విప్పి, అదే చేతితో గుప్పెడు ట్యూబులు తీసి ఇచ్చేవారు. విభాగం మొత్తానికీ ఆ ప్రసాదమే అందేది.

ఆయన నాకంటే మూడు హోదాలు పైన. వేలు నాలుకకు అద్దవద్దని చెప్పే మార్గం సర్వీసు నిబంధనల్లో లేదు. ఆర్‌ఎన్‌ఏజ్ అంటకుండా ట్యూబులు ఇచ్చేవారు కూడా తొడుగులు వాడితే బాగుంటుందని, ఎవరి పేరూ రాయకుండా, ఒక వినతి సమర్పించాను. ఆయన పిలిచి, చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలని, తాను చదువుకున్న రోజుల్లో ఈ తొడుగులు లేవని సౌమ్యంగా చెప్పారు. ఆ వారమే నా అర్ధవార్షిక నివేదికలో ‘ఈమెకు సున్నితమైన పనికి తగిన చెయ్యి లేదు’ అని రాశారు.

ఆయన సెలవుమీద తిరుపతి వెళ్ళినప్పుడు తాళంచెవి కార్యాలయానికి వచ్చింది. నేను సంతకం చేసి, విప్పని సంచి ఒకటి తీసుకున్నాను. దాన్ని ఎవరూ ముట్టకుండా దాచడమే సమస్య. ‘ముట్టవద్దు’ అని రాసిన ప్రతి డబ్బానూ శేషగిరి గారు తెరిచి చూసేవారు. అందుకని పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి, మీద ‘ఎండు చేపలు’ అని రాసి, ఫ్రీజర్‌లో ఉంచాను. మా ఊరు తెలిసినవారెవరూ ఆ మాటను శంకించలేదు.

శంకించింది మా అటెండర్ యాదమ్మ ఒక్కతే. ఆమెది శంషాబాదే.

“ఏంది మేడం, చాపలని రాసినవ్, వాసన ఏది? సార్ గింత అమాయకుడా?”

మరునాడు ఆమె అంగట్లో కొన్న అసలైన ఎండు చేపలను కాగితంలో చుట్టి తెచ్చి, డబ్బా మూతమీద పెట్టింది. “ఇగ గా దిక్కు రాడు,” అంది.

రాలేదు. ఫ్రీజర్‌లో ఆహారపదార్థాలు ఉంచరాదని ఒక మెమో మాత్రం వచ్చింది. తగిన సమయంలో తొలగిస్తానని గౌరవపూర్వకంగా జవాబు రాశాను. తీసి పారెయ్యమని యాదమ్మను ఆదేశిస్తే, ఆమె తనకు ఆ వాసన పడదని విన్నవించుకుందట.

నిపుణుల సంఘం వచ్చినరోజున బల్లమీద రెండు ఫొటోలు పెట్టాను. ఆకు ఒకటే, రోజు ఒకటే, చెయ్యి కూడా నాదే. ట్యూబులు మాత్రం వేరు. ఒకదానిలో మసక, రెండోదానిలో గీతలు. నేను ఆర్‌ఎన్‌ఏజ్ గురించి వివరిస్తుంటే, సంఘంలోని ఆర్థికాధికారి చెయ్యి ఎత్తి ఆపారు.

“ఈ ఇంగ్లీషు నాకు ఎక్కదమ్మా. తెలుగులో ఒక్క మాటలో చెప్పండి.”

“ఎంగిలి, సార్,” అన్నాను.

సరిగ్గా అప్పుడు శేషగిరి గారు నా నివేదికలో పేజీ తిప్పడానికి వేలు నాలుకకు ఆనించి ఉన్నారు. ఆ నివేదికను అంటుకుపోయే పలుచని కాగితం మీద టైపు చేయించినది నేనే. అది యాదృచ్ఛికమని అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. వేలు అక్కడే ఆగింది. అధ్యక్షులు దానివైపు చూశారు, తరువాత అందరూ చూశారు.

ట్యూబులు ఎవరు పంచుతారని అధ్యక్షులు అడిగారు. శేషగిరి గారు జేబురుమాలుతో వేలు తుడుచుకుని, “నేనే,” అన్నారు. ఆ సమాధానానికి ఆయన మీద నా గౌరవం పెరిగింది. వెంటనే ఆయన నావైపు తిరిగారు.

“మరి ఈ రెండో రకం ట్యూబులు ఎక్కడ దాచావమ్మా? నేను అన్నీ చూస్తూనే ఉన్నానే.”

“ఎండు చేపల డబ్బాలో, సార్.”

సంఘం మొత్తం ఫ్రీజర్ దాకా నడిచి వచ్చింది. యాదమ్మ కాగితం పొట్లం పక్కకు జరిపి మూత తీసింది. శేషగిరి గారు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి చూశారు.

నా ఉద్యోగం ఖాయమైంది. వైరస్‌ను గుర్తించడానికి మరికొంత కాలం పట్టింది. మర్నాటి ఉదయం శేషగిరి గారు తొడుగులు వేసుకుని ట్యూబులు పంచారు. అలమర తలుపుకు ‘ఇక్కడ ఎంగిలి చేయరాదు’ అని స్వయంగా బోర్డు రాసి తగిలించారు. ఆ తరువాత ఆ నియమం తప్పిన ఎవరినీ ఆయన క్షమించలేదు. ఒకసారి తొడుగు లేకుండా తలుపు తీసినందుకు నన్నూ మందలించారు.

నా వినతిపత్రంలోనూ, ఆ బోర్డు మీదా ఉన్న విషయం ఒకటే. ఎంజైము పేరు చదివినప్పుడు ఆయనకు అది నా సాకుగా తోచింది. ఎంగిలి అనేసరికి తన ఇంట్లో తానే అమలుచేసే నియమం అయింది. తరువాతి కాలంలో కొత్తగా చేరిన విద్యార్థులకు పాఠం ఆ మాటతోనే మొదలుపెట్టాను. డబ్బా మీది అక్షరాలను మాత్రం పదవీవిరమణ చేసేవరకూ చెరపలేదు. అందులో పెట్టిన ట్యూబు ఒక్కటి కూడా ఎన్నడూ కనబడకుండా పోలేదు.